దిబ్బరొట్టె డూబి డూబి

దుమ్ము మొదలై మూడో రోజు

ముందు ఒక తప్పు సరిదిద్దాలి. నీ ఉత్తర్వు రెండో పేరాలో "మూడో గుంట తొట్టి గదిలో పాడుతున్న జోలపాట" అని రాశావు. అది జోలపాట కాదు, సువార్తా. జాజ్ పాట. నీ చిన్నప్పుడు అది పాడి నిన్ను నిద్రపుచ్చిన మాట నిజమే. అంతమాత్రాన జోలపాట అయిపోదు. నాలుగేళ్ళ వయసులో నువ్వు నా పరిశోధన గ్రంథం వింటూ కూడా నిద్రపోయేదానివి. ఆ లెక్కన అదీ జోలపాటే. నా పరీక్షకుల్లో ఒకాయన నీతో ఏకీభవించేవాడు, అది వేరే సంగతి.

ఇది తొట్టి గది దినచర్య పుస్తకం. పది రోజులకోసారి దీని నకలు కేంద్రానికి, అంటే నీ బల్ల మీదికి వెళ్తుంది. "గౌరవనీయులైన అధికారి గారికి" అని మొదలుపెట్టాలని నిబంధన. నా దగ్గర ఉన్న గౌరవం ఈ ఉత్తర్వు చదవడంలో అయిపోయింది. అందుకని పేరుపెట్టే పిలుస్తున్నాను.

ఇంతకీ పాట సంగతి. మా అమ్మ సలోమి వాల్తేరు రైల్వే కాలనీ క్లబ్బులో శనివారాలు బ్యాండుతో పాడేది. ఒక శనివారం ట్రంపెట్ ఆయన రాగం ఎత్తుకున్నాడు. ఈవిడకి మాటలు గుర్తు రాలేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. కడుపులో ఏముందో, అంటే ఏం లేదో, అదే నోట్లోంచి వచ్చింది.

*దిబ్బరొట్టె డూబి డూబి*
*గుత్తొంకాయ గూ*
*పులిబొంగరం పాపరపాప*
*ఉలవచారు ఊ*

'ఊ' తర్వాత ఒక చుట్టు ఖాళీ. అప్పుడెవరూ నోరు విప్పరు. ఆ తర్వాత

*చేగోడి చా చా చకచకా*
*బొబ్బట్టు బూ*

మళ్ళీ ఖాళీ. మళ్ళీ మొదటికి. అర్థం లేదు. జాజ్‌లో అది నేరం కాదు, విద్య. వాయిద్యం చేయవలసిన పని నోటితో చేయడం. మా అమ్మకి ఆ రాత్రి క్లబ్బువాళ్ళు భోజనం పెట్టారట, కాబట్టి అర్థం తెలియవలసిన వాళ్ళకి తెలిసిందనే అనుకోవాలి.

ఈ పాటని నిషేధించడానికి నీ ఉత్తర్వు చెప్పిన కారణాలు రెండు. ఒకటి, అర్థంలేని మాటలు భాషను పాడుచేస్తాయి. రెండు, అందుబాటులో లేని తిండి పేర్లు వింటే జనానికి తొట్లలో పండించే మన ముద్ద మీద విముఖత పుడుతుంది. భూమికి ఇంత దూరంలో మా గుంటలో ఉన్న రెండు వందల పన్నెండు మందిలో వంకాయను కళ్ళారా చూసినవాళ్ళు నాతో కలిపి ఒకరిద్దరు ముసలివాళ్ళే. మిగతా అందరికీ గుత్తొంకాయ అంటే పిండి పులిసే తల్లి తొట్టిలో రెండో తెడ్డు పట్టే మనిషి. దిబ్బరొట్టె మొదటి తెడ్డు, పులిబొంగరం మూడోది, ఇలా ఆరుగురు. పోయినేడు ఒకాయనకి "ఇరవై రెండేళ్ళు ఉలవచారుగా మచ్చలేకుండా పనిచేసినందుకు" అని సన్మానం కూడా చేశాం. అలాంటి మనిషికి ఉలవచారు మీద మోజెలా పుడుతుందో మీ కమిటీలో ఎవరైనా నాకు విప్పి చెప్పాలి.

నువ్వు పంపిన బదులు పాట గోడకి అంటించారు.

*మాంసకృత్తులు మనకు బలము*
*ఖనిజ లవణము దేహఫలము*
*విటమినులన్నియు వేళకు తిందాం*
*విధిగా ముద్దను మెచ్చుకొందాం*

చివరి పాదం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. అలాగే ఉంది. తిండిని విధిగా మెచ్చుకునే జాతి ఇంతవరకు పుట్టలేదు. కింద నీ సంతకం ఉంది. ప్రాస కుదిరింది. నీకు ప్రాస నేర్పింది నేనే కాబట్టి ఇంతకంటే ఏమీ అనలేను.

పాటతో పాటు సత్యవ్రత్ అనే కుర్ర అధికారినీ, చెవిపెట్టె అనే యంత్రాన్నీ పంపావు. ఆమోదించిన మాటల పట్టికలో లేని మాట వినబడితే చెవిపెట్టె 'టింగ్' మంటుంది, లెక్క రాసుకుంటుంది. సత్యవ్రత్ ఏమీ అనడు. ఇద్దరిలో చెవిపెట్టే నయం.

దుమ్ము వల్ల ఎండ పలకలకి ఎండ తగలడం లేదు. గాలికీ వేడికీ పోగా మోటార్లకి కరెంటు మిగలదు. కాబట్టి ప్రతి దుమ్ముకాలంలోలాగే ఈ రోజు నుంచి తొట్లు తెడ్లతో, పాట పాడుతూ, చేత్తో కలుపుతున్నాం. యాంటెన్నా కూడా ముడిచేశాం. మళ్ళీ పదమూడో రోజున విప్పుతాం. ఈలోగా నేను రాసేదానికి నువ్వు జవాబు చెప్పలేవు. నీతో మాట్లాడటానికి ఇంత అనుకూలమైన సమయం నాకెప్పుడూ దొరకలేదు.

ఐదో రోజు

తల్లి తొట్టిలో నురుగు జానెడు. మామూలుగా రెండు వేళ్ళు ఉంటుంది. మరీ పెరిగితే కింద పిండికి ఊపిరాడదు.

కేంద్రంలో కూర్చుని ముద్ద తినేవాళ్ళకి అది ఎక్కడ పుడుతుందో తెలియదు కాబట్టి చెబుతున్నాను. తల్లి తొట్టిలో పులిసే పిండి మొత్తం గుంటకి ప్రాణం. దాంట్లోంచి తీసి పిల్ల తొట్లు నాలుగింటిలో వేస్తాం. అక్కడ పెరిగినది ముద్ద అవుతుంది. తల్లి చచ్చిపోతే పిల్లలు పదిహేను రోజులు. ఆ తర్వాత మనం.

ముందు వేడిని అనుమానించాను. థర్మామీటరు సరిగ్గానే ఉంది. నీళ్ళ వడపోతను అనుమానించాను. అదీ బాగానే ఉంది. పులుపు కొలిచాను, రావలసినంతే వస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఈ పిండిని నేను కొలుస్తున్నాను. దీని గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఈ గ్రహం మీద లేదు. దయచేసి ఈ వాక్యం గుర్తుపెట్టుకో. (తొమ్మిదో రోజున అంచులో చేర్చినది: ఎక్కువ రోజులు నిలవలేదు.)

సత్యవ్రత్ చేతులు వెనక్కి కట్టుకుని తెడ్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"మేడం, పాట ఎంత క్రమశిక్షణగా వస్తోందో చూశారా?"

"చూశానండీ. శవయాత్ర కూడా క్రమశిక్షణగానే నడుస్తుంది."

"లేదు మేడం, అదివరకు వీళ్ళు నవ్వుకుంటూ పాడేవారట. పని మీద ధ్యాస ఉండేది కాదేమో అని..."

"నవ్వుతూ చేసిన ముద్ద తినే మీరింత పెరిగారు."

చెవిపెట్టె 'టింగ్' మంది. ఏ మాటకో తెలియదు. నాకైతే 'శవయాత్ర' మీద అనుమానం.

ఎనిమిదో రోజు

నురుగు రెండు జానలు. తొట్టి లోపలి గోడకి ఎర్ర గీత ఉంది. దానికి ఇంకా నాలుగు వేళ్ళ దూరం.

ఈ రోజు అప్పలకొండతో గొడవపడ్డాను. అప్పలకొండ మొదటి తెడ్డు, తెడ్డు జట్టుకి పెద్ద. నలభై అయిదేళ్ళ మనిషి, పదిహేడో ఏట తెడ్డు పట్టింది. వాళ్ళ నాన్న భీమిలి దగ్గర వలలు లాగినవాడు. ఆయన మాటే ఈవిడకీ వచ్చింది, ఈ గ్రహం మీద సముద్రం లేకపోయినా.

"మీరు బద్ధకంగా తోస్తున్నారు, అప్పలకొండా. కొత్త పాట నచ్చలేదని పిండి మీద కోపం చూపిస్తున్నారు."

"బద్దకమా!" తెడ్డు వదిలి రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. "సూడండి టీచరమ్మా. కళ్ళజోడెట్టుకోని మరీ సూడండి. బొబ్బలెక్కిపోనాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడైనా ఎక్కినాయా?"

"మరి నురుగెందుకు పొంగుతోంది?"

"నాకేటి తెలుస్తాది? సదువుకున్నోరు మీరు. నాకు తెలిసిందొకటే. ఈ పాటలో ఊపిరి తీసుకోడానికి సోటు నేదు. తోసినకాడినుంచి తోస్తానే ఉన్నాం. ఇది రాసినోరెవరో గాని జన్మలో పని సేసి ఎరగరు."

"నా మనవరాలు రాసింది."

అప్పలకొండ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అలగా? అయితే ఇంకేటనగలను. మీ పెంపకం."

వెనక ఐదుగురూ నవ్వారు. నవ్వు ఆమోదించిన పట్టికలో ఉన్నట్టుంది, చెవిపెట్టె ఊరుకుంది. నేను మాత్రం ఊరుకోకుండా ఈ పుస్తకంలోనే "జట్టు సహకరించుట లేదు" అని రాశాను. తర్వాత కొట్టేశాను. కొట్టివేత కింద చదవగలిగితే చదువుకో. చదివి నన్ను చూసి నేర్చుకో, ఎలా ఉండకూడదో.

తొమ్మిదో రోజు

సాయంత్రం ఆరింటి కొలతలో నురుగు ఎర్ర గీతను తాకింది.

నిబంధన నీకు కంఠతా వచ్చే ఉంటుంది. వరసగా మూడు సాయంత్రాలు నురుగు గీత మీద ఉంటే తల్లి తొట్టి చచ్చినట్టు లెక్క. గీత దగ్గర అమర్చిన మీట దానంతట అదే తొట్టిని మూసేస్తుంది, గుంట ఖాళీ చేయమని గంట కొడుతుంది. రెండు వందల పన్నెండు మందిని బండ్లకెక్కించి మిగతా గుంటల్లో ఖాళీ ఉన్న చోటికల్లా పంపేస్తారు. ఇద్దరు అక్కడ, పదిమంది ఇక్కడ. అప్పలకొండ తల్లి మంచం మీద ఉంది. దుమ్ములో రెండు రోజుల బండి ప్రయాణం ఆవిడ తట్టుకోలేదు. అందరూ తొట్టి వంక చూసి, తర్వాత నా వంక చూశారు. జీతమిచ్చి చదివిన మనిషిని పెట్టుకునేది ఇలాంటి రోజు కోసమే కదా.

ఆ వెంటనే పిల్ల తొట్లు చూడబోయాను. మూడింటిలో నురుగు ఎక్కువే. నాలుగోది జబ్బు గది కోసం పెట్టిన చిన్న తొట్టి, ఒక్క మనిషి కలుపుతాడు. అందులో నురుగు రెండు వేళ్ళు.

మూత మూసి మళ్ళీ తీశాను. రెండే వేళ్ళు. అదే తల్లి, అదే పిండి, అవే నీళ్ళు, అదే వేడి.

ఆ తొట్టి కలిపేది గౌరినాయుడు. కొండ తొలిచే యంత్రం దగ్గర పనిచేసి ముప్పై ఏళ్ళ కిందటే వినికిడి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం తల్లి తొట్టిలో పులిబొంగరంగా ఉన్నాడు. నేల అదురుని బట్టి పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసేదట. కూర్చుని చూశాను. గట్టిగా ఒక తోపు, తేలిగ్గా ఒక లాగుడు. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. ఆ తర్వాత తెడ్డు ఆపి గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. తొట్టిలో బుడగలు ఒక్కొక్కటే తీరిగ్గా పైకొచ్చి పగిలాయి. చివరి బుడగ పగిలాక మళ్ళీ తోపు.

ఇక్కడ మన బరువే భూమి మీద బరువులో మూడో వంతు చిల్లర. బుడగ కూడా అంతే, దానికి పైకి రావాలనే తొందర ఉండదు. ఆగకుండా కలిపితే పైకొచ్చేలోపే మళ్ళీ కిందికి పోతుంది, చీలి రెండవుతుంది. ఆ రెండు నాలుగు. అదే నురుగు. ఈ ముక్క ఏ మొదటి సంవత్సరం విద్యార్థినడిగినా చెబుతాడు. నన్నెవరూ అడగలేదు, నేను నన్ను అడగలేదు.

పలక మీద రాసి చూపించాను: *కొత్త పాట ఎందుకు పాడటం లేదు?*

గౌరినాయుడు చదివి నవ్వాడు. చెవిటివాళ్ళ గొంతు, గదంతా వినబడింది.

"గోడకంటించినారు, సూసినాను టీచరమ్మా. పాట మారితే నాకేటి? నానెప్పుడిన్నాను గనక?"

వెనక్కి వచ్చి తొట్టి గది నియమావళి తీశాను. చేత్తో కలిపే పద్ధతి గురించి అందులో ఒక్కటే వాక్యం ఉంది. "పాట ప్రకారం కలపవలెను." ఎంత తోయాలి, ఎంతసేపు ఆగాలి, ఎందుకాగాలి, ఒక్క ముక్క లేదు. అందరికీ పాట వచ్చు కదా, రాయడమెందుకు అనుకున్నారు. నువ్వు పాట మార్చావు, వీళ్ళు నియమం తప్పకుండా మారిన పాట ప్రకారమే కలిపారు. ఈ మూర్ఖపు వాక్యం ఎవడు రాశాడా అని కింద చూశాను.

ముప్పై ఏళ్ళ కిందటి సంతకం. నాదే.

పదో రోజు

రెండో సాయంత్రం. నురుగు గీతకి రెండు వేళ్ళు పైన.

సత్యవ్రత్‌కి బుడగల సంగతంతా చెప్పాను. తొట్టి ముందు నిలబెట్టి చూపించాను కూడా. మనిషి తెలివితక్కువవాడేమీ కాదు, మీ దగ్గర పనిచేస్తున్నాడంతే. నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"మేడం, పాత పాటకి అనుమతి నేనివ్వలేను. సంతకం పెట్టాల్సింది సువార్త గారు. యాంటెన్నా పదమూడు దాకా..."

"రేపు సాయంత్రంతో అయిపోతుంది నాయనా. పదమూడున సువార్త గారు సంతకం పెడితే ఖాళీ గుంటకి పెట్టాలి."

ఉత్తర్వు తీసి వేలు పెట్టి మళ్ళీ చదివాడు. "నిషేధం మాటల మీదే కదా మేడం. రాగం మీద లేదు. నోరు మూసుకుని రాగం తీస్తే?"

మంచి ఆలోచనే. ఆ మాట పైకి అన్నాను కూడా, అరుదుగా జరిగే విషయం కాబట్టి నమోదు చేస్తున్నాను.

ఆరుగురూ నోళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. రెండు చుట్లు బాగానే నడిచింది. మూడో చుట్టులో రెండో తెడ్డూ ఐదో తెడ్డూ ఒకేసారి లోపలికి దిగాయి. ఆరోది వచ్చి వాటి మధ్య ఇరుక్కుంది. బొబ్బట్టు, అంటే ఆరో తెడ్డు మనిషి, వేలు నలిగి కెవ్వుమన్నాడు. చెవిపెట్టె 'టింగ్' మంది. కెవ్వు ఆమోదించిన మాట కాదట.

"మూతి మూసుకుంటే ఎలగవుతాది?" అప్పలకొండ తెడ్డు గోడకి ఆనించి నామీదికొచ్చింది. "దిబ్బరొట్టె అని ఇంటేనే నా సెయ్యి లెగుస్తాది. గుత్తొంకాయ అంటే ఆడిది. 'గూ' అన్నప్పుడు నాను బయటికి రావాల. మాట నేకపోతే ఎవులెప్పుడు దిగాలో ఎలగ తెలుస్తాది? ఊఁ ఊఁ అని మూలుగుతా ఉంటే అందరికీ కడుపునొప్పొచ్చినట్టుంది గాని పాటలాగుందా?"

ముప్పై ఏళ్ళు ఆ గదిలో తిరిగాను. ఆ పేర్లు సరదాకి పెట్టుకున్నారనుకున్నాను. ఎవరి పేరు వస్తే వాళ్ళు దిగుతారు, పేరు వెనకున్న గూలూ బూలూ విని పైకి వస్తారు. నువ్వు అర్థం లేదన్న ప్రతి మాటకీ ఆరు అడుగుల తెడ్డు అంత అర్థం ఉంది. నీ పాటలో అందరూ అన్ని మాటలకీ తోశారు, అందుకే ఢీకొనలేదు. ఆగనూ లేదు.

బొబ్బట్టుకి కట్టుకట్టి జబ్బు గదికి పంపాను. రేపటికి ఐదుగురే.

పదకొండో రోజు

పొద్దున ఏడింటికి తొట్టి గదికి వెళ్ళేసరికి జట్టు తెడ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ దింపలేదు. సత్యవ్రత్ చెవిపెట్టె కింద నిలబడి ఉన్నాడు.

"ఒక్క రోజులో ఈ గంట యాభై సార్లు దాటితే బాధ్యుల పేరు రాయాలి మేడం," అన్నాడు. "పేరున్నవాళ్ళు ఇక తొట్టి గదిలో అడుగు పెట్టకూడదు. ఎంతకాలమో రాయలేదు. అంటే ఎప్పటికీ అని."

"నా పేరు రాసేసుకోండి బాబూ," అంది అప్పలకొండ. "గొంతు నాది, పాట నాది."

"పాట నీదెలా అవుతుంది? మా అమ్మది," అన్నాను. "పాడమన్నది నేను. ఆ వాక్యం రాసిందీ నేనే. అధికారి గారూ, నా పేరు రాయండి. స్పెల్లింగు తప్పులు లేకుండా."

"టీచరమ్మా, తొట్టి వదిలేసి మీరేటి సేస్తారు?"

"ఇన్నాళ్ళూ ఏం చేశానో నిన్ననే తెలిసింది కదా. తెడ్డెత్తు."

ఆరో తెడ్డు ఖాళీగా ఉంది. అందరం సత్యవ్రత్ వంక చూశాం. అతను వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఉన్నది గోడ.

"నేను... బొబ్బట్టా?"

"ఔను బాబూ. బొబ్బట్టు అన్నప్పుడు దిగాల, బూ అన్నప్పుడు తియ్యాల. మిగతాదంతా మేం సూసుకుంటాం."

"బొబ్బట్టు అంటే ఏమిటి మేడం?"

"తీపి. పని చేశాక చెబుతాను."

అప్పలకొండ ఎత్తుకుంది.

నేను చాలా బ్యాండ్లు విన్నాను, సువార్తా. మా అమ్మ వెనక వేదిక మెట్ల మీద కూర్చుని విన్నాను, చదువుకునే రోజుల్లో డబ్బాల్లాంటి హాళ్ళలో విన్నాను. ఎప్పుడైనా అంతా సరిగ్గా కుదిరిన రోజున సంగీతం బాగుందని కూడా అనిపించదు, ఇంకోలా ఉండటానికి వీల్లేదనిపిస్తుంది. అది రావడానికి ఇక్కడ అరగంట పట్టింది. కారణం చెవిపెట్టె.

దిబ్బరొట్టె అనగానే 'టింగ్'. డూబి అంటే 'టింగ్'. మొదట్లో ఆ గంట అందరినీ చెడగొట్టింది. సత్యవ్రత్ రెండుసార్లు గుత్తొంకాయ చోట దిగాడు. అయితే ఆ యంత్రానికి మాట విని, పట్టికంతా వెతికి, లేదని తేల్చుకోవడానికి అర క్షణం పడుతుంది. పెద్ద ఆఫీసుల్లో ఎంత చిన్న విషయానికైనా అంత ఆలోచన ఉంటుంది కదా. అందువల్ల గంట ఎప్పుడూ మాట మీద పడదు, మాటకీ మాటకీ మధ్యలో పడుతుంది. జాజ్‌లో తాళం ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడ. ఇది మొదట పట్టుకున్నది అప్పలకొండ. పాటని కాస్త నెమ్మదించింది, గంటకి చోటిచ్చింది. 'ఊ' తర్వాత ఖాళీలో అందరూ తెడ్లు పైకెత్తి ఆగేవారు. ఆ నిశ్శబ్దంలోకి చెవిపెట్టె ఒక్కర్తే 'టింగ్' అనేది. తొట్టిలో బుడగలు పగిలేవి. మళ్ళీ దిబ్బరొట్టె.

మీ కమిటీ చేసిన పనులన్నిటిలో పనికొచ్చినది ఆ గంటొక్కటే. పనికి రావాలని చేసింది కాదు, అయినా లెక్కలోకి తీసుకుంటాం.

మధ్యాహ్నానికి నురుగు గీత దగ్గరికి దిగింది. మూడింటికి గీత మీదే ఉంది, అక్కడే ఆగిపోయింది. నాలుగింటికీ అక్కడే. ఐదో తెడ్డు మనిషికి పిక్కలు పట్టేశాయి. గౌరినాయుడిని పిలిపించాను. వచ్చి నేల మీద అరికాలు ఆనించి, కళ్ళు మూసుకుని రెండు చుట్లు ఊరుకున్నాడు. మూడో చుట్టులో చేగోడి దగ్గర దిగాడు. వెంట్రుకవాసి తప్పలేదు. అతనికి అప్పలకొండ గొంతు వినబడదు, గంట వినబడదు. అయినా ఖాళీ దగ్గర అందరికంటే ముందు ఆగేది అతనే. అతన్ని చూసి మిగతావాళ్ళు ఇంకాస్త ఎక్కువ ఆగడం నేర్చుకున్నారు. కావలసినది ఆ కాస్తే.

ఆరింటికి మీట కొలిచింది. నురుగు గీతకి ఒక వేలు కింద.

సత్యవ్రత్ తెడ్డు మీదికి వాలిపోయాడు. అప్పలకొండ గిన్నెడు నీళ్ళు అతని చేతికిచ్చి, "పర్లేదు బొబ్బట్టూ," అంది. అంతకంటే పెద్ద సన్మానం ఈ గదిలో లేదు.

చెవిపెట్టె లెక్క ఆరు వేల నాలుగు వందల పద్దెనిమిది. సత్యవ్రత్ కాగితం తెచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కడంతో కలాన్ని వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు. బాధ్యుల గడిలో నా పేరు రాశాడు. స్పెల్లింగు తప్పు లేదు.

పద్నాలుగో రోజు

ఇది నడవాలో కూర్చుని రాస్తున్నాను. తొట్టి గది తలుపుకి ఇవతల నాకొక స్టూలు వేశారు. లోపలి కొలతలు అప్పలకొండ తలుపులోంచి అరిచి చెబుతుంది, నేను రాసుకుంటాను. ఈ పూట నురుగు మూడు వేళ్ళు. తల్లి బతికింది. ఇంకో వారం నీరసంగా ఉంటుంది, దానికి ఆ హక్కుంది.

నిన్న యాంటెన్నా విప్పగానే ఈ పుస్తకం నకలు నీకు పంపాను. సాయంత్రానికే నీ జవాబొచ్చింది. మూడు వాక్యాలు. ఉత్తర్వు నిలిపివేశావు. దుమ్ము తగ్గగానే మొదటి బండిలో వస్తున్నావు. ఈలోగా పాట సాహిత్యాన్ని ప్రతిపదార్థాలతో కమిటీకి పంపమన్నావు. నా పేరు ఆ గడిలోంచి తీసేస్తానని మాత్రం ఎక్కడా లేదు. నియమం ప్రకారం నువ్వు చేసింది సరైనదే. మనవరాలినని నువ్వు నన్ను మినహాయించి ఉంటే నేను ఇంకా పెద్ద ఉత్తరం రాసి ఉండేదాన్ని.

ప్రతిపదార్థాలు రాయను. నియమావళిలో నా వాక్యం తీసేసి సరిగ్గా రాద్దామని రెండు రోజులు కూర్చున్నాను. తోపు ఎంత, విరామం ఎంత, బుడగ వ్యాసం ఎంత, అన్నీ పెట్టి నాలుగు పేజీలు రాసి తలుపు సందులోంచి అప్పలకొండకి ఇచ్చాను. చదివింది. "బాగుంది టీచరమ్మా. ఇది ఎవులు పాడతారు?" అని అడిగింది. నాలుగు పేజీలూ వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడక్కడ రెండు వాక్యాలు ఉన్నాయి. "తెడ్డు పట్టి ఒక దుమ్ముకాలం గడిపినవారి దగ్గర నేర్చుకొనవలెను. నేర్చుకొనకుండా మార్చరాదు." కింద అప్పలకొండ సంతకం పెట్టింది. నాది పెట్టలేదు. నా సంతకాల గతి చూశావు కదా.

చెవిపెట్టెని వెనక్కి పంపమన్నావు. జట్టు ఒప్పుకోవడం లేదు. ఏడో తెడ్డుగా నమోదు చేశారు.

ఇక నువ్వు బయల్దేరే ముందు చేయవలసిన పని. పదో రోజు తెడ్లు గుద్దుకున్నప్పుడు ఆరో తెడ్డు కీలు దగ్గర వాషరు చీలింది, తోసినప్పుడల్లా పిండి కారుతోంది. గుడ్డ చుట్టి నడిపిస్తున్నాం. కేంద్రం స్టోరులో మెట్ల కింద గదికి వెళ్ళు, పై కౌంటరుకి కాదు. నల్ల రబ్బరు వాషర్లు, రెండంగుళాలవి, ఆరు అడుగు. ప్లాస్టిక్‌వి ఇస్తామంటారు, తీసుకోకు. ఒక్కోదాన్నీ గోటితో నొక్కి చూడు. గుర్తు పడి వెంటనే మాయమైతే మంచిది, గీత మిగిలితే పాతది, తిరిగిచ్చెయ్యి. బండిలో వేడి గొట్టం పక్కన పెట్టకు, గట్టిపడిపోతాయి. కోటు లోపలి జేబులో పెట్టుకో. అదే గదిలో చేతి తొడుగులు ఉంటాయి. చిన్న కొలతవి ఒక జత, నీ చేతికి పెట్టి చూసి మరీ తీసుకో. సత్యవ్రత్ చేతులు మానడానికి నెలన్నా పడుతుంది, అప్పటిదాకా ఆరో తెడ్డుకి మనిషి కావాలి, ఇక్కడ మిగిలిన తొడుగులు ఏవీ నీకు సరిపోవు.